బటన్‌కు పేరడిగిన అక్క

గార్లదిన్నె అక్కకు చూపు లేదు. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, తల కాస్త వంచి, అది చదివే పాఠం వినేది. బడి మానేసిన ఆడవాళ్లు ఇంటి నుంచే పదో తరగతి చదవాలని నేను తయారుచేసిన వెబ్‌సైట్‌లో ఆమె కూడా చేరింది. అది అందరికీ పనికొస్తుందని నాకు గట్టి నమ్మకం.

పరీక్షకు అర్హత ఇచ్చే ఆన్‌లైన్ టెస్టు సాయంత్రంతో ముగుస్తుందనగా, మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"ఏమప్పా, జవాబులన్నీ రాసినా. పంపేది యాడుండాది? యాడ తాకినా 'బటన్, బటన్' అంటాండాది. దానికి పేరు పెట్టలేదా?"

గబగబా ఆ పేజీ తెరిచి చూశాను. అక్కడి బటన్లన్నిటి మీదా బాణం లాంటి బొమ్మలు పెట్టానే తప్ప, ఆమె ఫోన్ చదవడానికి ఒక్క మాటా రాయలేదు.

"పక్కన ఎవరినైనా నొక్కమను అక్కా."

"నా టెస్టు నేనే పంపుకుంటా. నువ్వు సరిచెయ్యి, నేనీడే కూచోనుంటా."

గంట పట్టింది. మళ్లీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టమన్నాను. "జవాబులు పంపండి" అని పలికింది ఆమె ఫోన్. అక్క నొక్కింది. ఒక్క క్షణం తర్వాత, "మీ జవాబులు అందాయి" అంది ఫోన్. నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

"పోయినాయి లేప్పా," అని నవ్వింది అక్క. "అన్నం తిన్యావా లేదా నువ్వు?"