పిడుగుకి నడుం పట్టేసింది

పిడుగుకి ఉన్నది ఒకటే జబ్బు. పాట మంచి ఊపులో ఉండగా నడుం పట్టేసేది.

ఆయన హెవీ మెటల్ గాయకుడు; పిడుగన్నది అభిమానులు పెట్టుకున్న పేరు. అరిస్తే హాలు అద్దాలు జిల్లుమనేవి. అంతటి అరుపూ మధ్యలో తెగ్గోసి, "అబ్బా, నడుం! మీరూ కాసేపు కూర్చోండర్రా, నేనొక్కణ్ణే కూర్చుంటే ఏం బావుంటుంది?" అంటూ వేదిక మీద చతికిలబడేవాడు. నల్లచొక్కాలు, ఇనుపగొలుసులు వేసుకున్న జనమంతా బడిపిల్లల్లా నేల మీద కూర్చునేవారు.

వెనక డ్రమ్ములు వాయించే బావమరిదికి మాత్రం కర్రలు గాల్లోనే ఉండిపోయేవి. కొట్టినదానికంటే ఆగినదానికే చేతులు ఎక్కువ నొప్పెట్టేవి.

"డాక్టరుకి చూపించుకో బావా, నీకు దణ్ణం పెడతాను."

"చూపించాను. పడుకోమన్నాడు."

"మరి పడుకోవచ్చుగా?"

"జనం ముందు మర్యాదగా ఉండదని కూర్చుంటున్నాను."

అభిమానులు ఆయనకి తగ్గవాళ్లే. జబ్బల మీద పుర్రెల పచ్చబొట్లు పొడిపించుకున్న మహానుభావులు వేదిక మీదికి నొప్పి మందు డబ్బాలు విసిరేవారు. ఒకసారి ఎవరో దిండే విసిరారు. అది డ్రమ్ము మీద పడింది. "దుప్పటి కూడా వేస్తే నేనూ పడుకుంటాను" అన్నాడు బావమరిది.

ఆ పిడుగు మొన్న నిద్రలోనే గుండె ఆగి పోయాడు. సంతాపసభ ముగిసి, వచ్చినవాళ్లందరినీ సాగనంపాక, బావమరిది వచ్చి అక్క వంటింట్లో గోడకి జారబడ్డాడు.

"పాపం, ఆ నడుంతో ఎంత అవస్థ పడ్డాడో!"

కప్పులు కడుగుతున్న అక్క చేతులు ఆగాయి. "ఏ నడుంరా? పోయిన నెల ఫ్రిజ్జుని మూడో అంతస్తుకి ఒక్కరే మోశారు."

"మరి ఆ కూర్చోవడం?"

"ముందు వరుసలో ఎవరైనా తోపులాటలో నలిగిపోతూ కనిపిస్తే కూర్చునేవారు. తొయ్యొద్దంటే ఆ గోలలో వినేదెవరు? ఫలానా పిల్ల పడిపోతోందంటే ఆ పిల్లకి నలుగురిలో తలవంపులు. అదే ఆయనకి నొప్పంటే అందరూ కూర్చుంటారు."

"నాకొక్కడికైనా చెప్పొచ్చుగా!"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

అతనికి ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. "ఆగక్కా. నా పెళ్లిలో నేను పాట అందుకోగానే కూడా నడుమన్నాడే! అక్కడ నలిగిందెవరు?"

"వింటున్నవాళ్లు" అంది అక్క.

పిడుగు పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరూ నవ్వడం అదే మొదటిసారి.