ఇద్దరూ గెలవని ఫైట్

2011 వేసవిలో నన్ను నాచారం ఆఫీసులో సెటిల్‌మెంట్ డెస్క్‌కి వేశారు. హోదా సీనియర్ చెకర్. అంతకు ముందు నేను బ్యాంకులో పనిచేసి, వీఆర్‌ఎస్ తీసుకుని, ఉప్పల్‌లో ఇంట్లో కూర్చున్నదాన్ని. లెక్కలు సరిచూడటం అలవాటున్న పెద్దవాళ్ళు కావాలని ఆ బీపీవో వాళ్ళు వెతుకుతుంటే వెళ్ళి చేరాను. నిఖిల్, స్ఫూర్తీ, మొన్న మీరు గువాహటి నుంచి ఫోన్ చేసి, ప్రెడిక్షన్ మార్కెట్టూ బెట్టింగ్ ఎక్స్ఛేంజీ ఒకటేనా అమ్మమ్మా అని అడిగారు. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. ఆ డెస్క్ మీద ఒక ఆదివారం జరిగిన సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మాకు ఇద్దరు విదేశీ క్లయింట్లు ఉండేవారు. మేం పందెం కాయకూడదు. ఫోన్లు కూడా లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆట అయ్యాక ఫలితాన్ని సిస్టమ్‌లో వేసి, డబ్బు ఎవరికి చెందుతుందో తేల్చడమే మా పని. దాన్నే సెటిల్ చేయడం అంటారు.

మొదటి క్లయింట్‌ది ఎక్స్ఛేంజ్. అక్కడ పందెం కంపెనీతో కాదు, మనిషికీ మనిషికీ మధ్య. ఫలానావాడు గెలుస్తాడని ఒకరంటే, గెలవడని ఇంకొకరంటారు. కంపెనీ మధ్యలో ఉండి, గెలిచినవారి దగ్గర కమిషన్ తీసుకుంటుంది. రెండో క్లయింట్‌ది ప్రెడిక్షన్ మార్కెట్. అక్కడ ఒక ప్రశ్న రాసి పెడతారు, దానికి ‘అవును’, ‘కాదు’ అని రెండు రకాల వాటాలు అమ్ముడవుతాయి. ‘అవును’ ధర అరవై ఉందంటే, అది జరగడానికి నూటికి అరవై పాళ్ళు అవకాశం ఉందని జనం అనుకుంటున్నట్టు. చివరికి జరిగితే ఆ వాటాకి నూరు, జరగకపోతే సున్నా. పైకి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి.

మా షిఫ్టుకి ఎక్కువగా వచ్చేవి ఇనుప జాలీలో జరిగే ఫైట్లు. బాక్సింగూ కుస్తీ కలిపినట్టుండే ఆట అది. అమెరికాలో శనివారం రాత్రి జరిగేవి మనకు ఆదివారం పొద్దున వచ్చేవి. ఆటగాళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. వాళ్ళకిచ్చిన మూలల రంగును బట్టి ఎర్ర కార్నర్, నీలి కార్నర్ అనేవాళ్ళం.

పద్ధతి బ్యాంకులో ఉన్నట్టే. మేకర్ ఎంట్రీ వేస్తారు, చెకర్ చూసి వదులుతారు. చెకర్‌కి నచ్చకపోతే వెనక్కి పంపవచ్చు. కాకపోతే వెనక్కి పంపిన ప్రతి ఎంట్రీ మేకర్ పేరు మీద తప్పుగా పడుతుంది.

నా మేకర్ ఎస్తేరు. చిల్కానగర్ అమ్మాయి. ఆదివారం పొద్దున్నే మొదటి ఆరాధనకి వెళ్ళి, అటునుంచి అటే డ్యూటీకి వచ్చేది. వాళ్ళ నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. అప్పటికే ఆమె పేరు మీద ఒక తప్పు ఉంది. ఇంకొకటి పడితే పంపించేస్తారు.

ఆ మొదటి తప్పు ఎలా పడిందో చెప్పాలి. నేను సెలవులో ఉన్న రోజది. మా టీమ్ లీడ్ రమేష్‌ది జనగామ. పెద్ద స్క్రీన్ ముందు నిలబడి, ఏం జరుగుతోందో అందరికీ వినబడేలా చెప్పడం అతని అలవాటు. ఆ రోజు “ఆపేసిన్రు, ఆపేసిన్రు” అన్నాడు. ఉప్పల్ స్టేడియం పక్కన పెరిగిన పిల్లకి ఆట ఆపేశారంటే ఏం గుర్తొస్తుంది? వాన. ఫలితం లేదనుకుని ఎస్తేరు పందాలన్నీ వాయిడ్ చేసింది, అంటే ఎవరి డబ్బు వాళ్ళకి తిప్పి పంపేసింది. ఆ రోజు చెకర్ కూడా క్రికెట్ మనిషే, వదిలేశాడు. కానీ ఈ ఆటలో ఒకడు దెబ్బలు కాచుకోలేకపోతున్నాడని రెఫరీ ఆపితే, అది అవతలివాడి గెలుపు. తిప్పి పంపిన డబ్బంతా మళ్ళీ వెనక్కి లాగవలసి వచ్చింది. తప్పు మాత్రం ఎస్తేరు పేరు మీద పడింది.

ఇక నేను చెప్పే ఆదివారం. మూడు రౌండ్ల ఫైట్‌లో రెండో రౌండ్ మొదలవుతూనే నీలి కార్నర్ వేళ్ళు ఎర్ర కార్నర్ కంట్లో పొడుచుకున్నాయి. కావాలని చేసింది కాదు. డాక్టర్ లోపలికి వచ్చి కన్ను చూశాడు. రమేష్ మామూలుగానే “ఆపేసిన్రు” అన్నాడు. ఈసారి ఎస్తేరు కీబోర్డ్ మీద చెయ్యి వేయలేదు. లోపల మైకు పట్టుకున్నాయన ‘నో కాంటెస్ట్’, అంటే ఫలితం లేకుండా ఫైట్ రద్దయిందని ప్రకటించేదాకా చూసి, అప్పుడు ఎంట్రీలు వేసింది.

ఎక్స్ఛేంజ్‌లో వాయిడ్ అని వేసింది. ప్రెడిక్షన్ మార్కెట్‌లో ఆ ఫైట్ మీద రెండు ప్రశ్నలు ఉన్నాయి, ఎర్ర కార్నర్ గెలుస్తాడా, నీలి కార్నర్ గెలుస్తాడా అని. రెండింటికీ ‘కాదు’ అని వేసింది.

రమేష్ నా భుజం మీదుగా చూసి, ఒకే ఫైట్‌కి రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా వేస్తారన్నాడు. రెండూ వాయిడ్ కావాలని, ఎంట్రీ వెనక్కి పంపమని నాకు చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. కిందటిసారి క్లయింట్ చేత మాట పడ్డ భయం ఇంకా పోలేదు.

“ఇద్దరికీ కాదంటే ఎట్ల? ఇద్దరూ ఓడిపోయిన్రా ఏంది?” అన్నాడు ఎస్తేరుతో. “చర్చి నుంచి ఉరికొచ్చి కొట్టినవా?”

“చర్చి పొద్దుగాలనే అయిపోయింది అన్నా. ఫైటే కాలే,” అంది ఆ పిల్ల. పక్క వరస వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు, నా వైపు తిరిగింది. “ఓడిపోలే మేడమ్. గెల్వలే. ఎక్స్ఛేంజ్ల పందెమే రద్దయింది. ఇక్కడ పందెం కాదు, ప్రశ్న. గెలిచిండా అంటే గెల్వలే. గంతే.”

క్లయింట్‌ని చాట్‌లో అడిగాం, జవాబు లేదు. వెనక్కి పంపితే ఆమెకి రెండో తప్పు పడుతుంది. వదిలితే, అది పొరపాటైన పక్షంలో ఇద్దరికీ ముప్పు. నేను ఆమె ముఖం చూడకుండా స్క్రీన్ మీద ప్రశ్నే మళ్ళీ చదివాను. ‘గెలుస్తాడా’ అని ఉంది. ఫైట్ రద్దయితే డబ్బు తిరిగి ఇస్తామని ఎక్స్ఛేంజ్ నిబంధనల్లో ఉంది. రెండో క్లయింట్ నిబంధనలు అడుగు దాకా చదివాను, అలాంటి మాట ఎక్కడా లేదు. ఎంట్రీలన్నీ అలాగే వదిలేశాను. నాకు ఆ రోజు అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు.

సోమవారం ఆ క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది. ‘అవును’ కొన్నవాళ్ళు రెండు వైపులా గొడవ చేస్తున్నారని, సంజాయిషీ కావాలని. ప్రశ్నలోని మాటా, ప్రకటించిన మాటా రెండూ పక్కపక్కన పెట్టి జవాబు రాశాను. రెండు రోజుల తరవాత వాళ్ళ నిబంధనల విభాగం మా ఎంట్రీ సరైనదేనని ఒప్పుకుంది. తప్పు ప్రశ్న రాసిన తీరులో ఉందని తేల్చి, అప్పటి నుంచి ప్రతి ప్రశ్న కిందా ఫైట్ రద్దయితే ఏం చేస్తారో ఒక వాక్యం చేర్చడం మొదలుపెట్టారు.

రమేష్ చేసిన పని కూడా చెప్పాలి. మొదటి తప్పు తన మాట వల్ల వచ్చిందని మేనేజర్‌కి తనే మెయిల్ పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఆ తప్పు ఎస్తేరు పేరు మీద నుంచి తీసేశారు. ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఆ తరవాత మా ఫ్లోర్ మీద ‘ఆపేసిన్రు’ అన్న మాట వాడకూడదని పెట్టుకున్నాం. రెఫరీ ఆపాడా, డాక్టర్ ఆపాడా, మైకులో ఏమన్నారు, ఈ మూడూ చెప్పాలి. రమేష్ నోటికి మాత్రం పాత మాటే వచ్చేది. వెంటనే నాలుగు మూలల నుంచీ “ఎవరాపిన్రు అన్నా?” అని అడిగేవాళ్ళు.

మీ ప్రశ్నకి నా జవాబు ఇదీ. ఆట సాఫీగా ముగిసినంతకాలం ఆ రెండు మార్కెట్లూ ఒకటే. మధ్యలో ఆగిన రోజున ఒకటి డబ్బు తిరిగి ఇస్తుంది, ఇంకోటి రాసిన ప్రశ్నకి జవాబు చెప్పి ఊరుకుంటుంది. బ్యాంకులో అన్నేళ్ళు పనిచేసినా, గెలవకపోవడం వేరు, ఓడిపోవడం వేరు అని నేను నేర్చుకున్నది ఆ ఆదివారమే.