ఘాటు దావీదు గురించి నాలుగు ముక్కలు

ఒక మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూసిన సాయంత్రాన్ని కత్తీ కర్రా లేకుండా, ఒట్టి మైకుతో ఎలా పాడుచేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. అనుభవం మీద చెబుతాను.

ఆ మనిషి దావీదు, నా క్లాస్‌మేటు. మా అద్దంకి చుట్టుపక్కల తెలుగులో ర్యాప్ పాడిన మొట్టమొదటివాడు. ఇవాళ ‘ఘాటు దావీదు’ అంటే హైదరాబాదులో కుర్రాళ్లు ఈలలు వేస్తారు గానీ, మొదట్లో వాడు పాడుతుంటే ఎవరితోనో తగాదా పడుతున్నాడనుకుని వాళ్ల వీధివాళ్లు విడదీయడానికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. తొలి పాటకి స్టూడియో దొరక్క, పత్తి నింపిన కొట్టుగదిలో దూరి ఫోనులో రికార్డు చేశాడు. పత్తి మధ్య గొంతు మారుమోగదని కనిపెట్టిన ఘనత వాడిదే. బయటికొచ్చేసరికి జుట్టూ మీసాలూ తెల్లబడి అచ్చం వాళ్ల తాతలా ఉన్నాడు.

ఇంత పేరొచ్చినా వాళ్లమ్మ మరియమ్మగారు కొడుకు పాట ఎదురుగా ఒక్కసారీ వినలేదు. వాడి ప్రదర్శనలన్నీ పట్నాల్లో, ఆవిడ పనంతా మిరపచేలల్లో. అందుకే మా యువజన సంఘం సన్మానం చేస్తామంటే వాడు శాలువా ఊసే ఎత్తలేదు.

“అమ్మావాళ్ల ముఠా మీ ఊళ్లోనే కోతకొస్తందిరా. పని దిగి సభకొస్తారు. ఆరింటికి వాళ్ల ట్రాక్టరెళ్లిపోద్ది. ఈలోగా నేను పాడాలి. అంతే,” అన్నాడు.

ఐదింటికల్లా మైకు నీ చేతిలో ఉంటుందని మాటిచ్చాను. అంతకుముందు అది నా చేతిలో ఉంటుందన్న ప్రమాదం ఇద్దరికీ తట్టలేదు.

నేనప్పుడు ప్రైవేటు బళ్లో తెలుగు పంతుల్ని. పరిచయ వాక్యాలు నావి. నాలుగు ముక్కలు చెబుతానని లేచాను. దావీదు పుట్టకముందు మన జానపదం ఎలా ఉండేదో చెప్పి గానీ వాణ్ణి పుట్టనివ్వలేదు. ఐదుంబావుకి వాడింకా పాకుతున్నాడు. ఐదున్నరకి కొట్టుగదిలోకి పంపి, తలుపు వేసి, పత్తి పంట చరిత్ర ఎత్తుకున్నాను. ముందువరసలో మరియమ్మగారు కారం అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుని రెప్పవేయకుండా నన్నే చూస్తున్నారు. ఎంత శ్రద్ధో అనుకున్నాను. నేనెప్పుడు దిగుతానా అని ఆవిడ చూస్తున్నారు.

వెనకనుంచి దావీదు నా చొక్కా లాగాడు. “ఒరే శేషూ, నేను పాడొద్దా?”

“పాడుదువులేరా. ముందు జనానికి అర్థం కావాలిగా.”

అనడమే కాదు, వాడి పాట ఒకటి తీసుకుని ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం అన్నీ వివరించాను. నా గొంతులో ఆ పాట రేషన్ కార్డు దరఖాస్తులా వినిపించింది. ఇది పరీక్షలో వస్తుందా మాస్టారూ అని వెనకనుంచి ఎవరో అడిగితే దాన్నీ మెచ్చుకోలు కిందే జమకట్టాను.

అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగినా ఆగుతుందేమో గానీ, అయ్యవారి ఉపన్యాసం అయ్యేదాకా ట్రాక్టరు ఆగదు. నేను ‘ఇక ముగించే ముందు’ అంటుండగానే రోడ్డు మీద హారన్ మోగింది. ముఠా ఆడవాళ్లంతా లేచారు. మరియమ్మగారు కొడుకు వైపు తిరిగి, “పోనీలే నాయనా, ఇంకోసారి వింటాలే,” అన్నారు.

నా ఉపన్యాసం అక్కడికక్కడే ఆగింది. గంట నుంచి ఎవరివల్లా కాని పని ఆ ఒక్క మాట చేసింది.

దావీదు వేదిక మీంచి దూకాడు. శాలువా ఎగురుతుండగా పరిగెత్తి వాళ్లెక్కిన ట్రాలీ తనూ ఎక్కేశాడు. మైకు లేదు, బీటు లేదు. ఒకావిడ క్యారేజీ మూత మీద దరువేసింది. చూసి మరో పదిమంది అందుకున్నారు. వాళ్ల మధ్య నిలబడి, పుట్టిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా తన కథంతా గుక్కతిప్పుకోకుండా పాడేశాడు. సభ మొత్తం లేచి ట్రాలీ వెంట పడింది. వేదిక మీద నేనూ, కుర్చీలూ మిగిలాం.

క్షమాపణ చెప్పుకుందామని నేనూ పరిగెత్తాను. జనం అడ్డమై ట్రాక్టరు రోడ్డు మలుపులోనే ఆగిపోయింది. పాట అయ్యేసరికి మరియమ్మగారు మణికట్టుతో కళ్లు తుడుచుకుంటున్నారు. కారం చేతులు కదా, వేళ్లతో తుడుచుకోకూడదు. నేను దణ్ణం పెట్టి, తప్పయిపోయిందమ్మా అన్నాను.

ఆవిడ నన్ను ఎంతో జాలిగా చూశారు. “నువ్వు గంటసేపు చెప్పిందంతా మావాడు రెండు నిమిషాల్లో చెప్పేశాడు గదయ్యా. మరి నీకెందుకు నాయనా అంతసేపు పట్టింది? ఒంట్లో బాగాలేదా?”

కంగారులో కార్డ్‌లెస్ మైకు చేత్తో పట్టుకొచ్చానని, దాన్ని ఆపలేదని, ఆ ప్రశ్న సభ స్పీకర్లలో ఊరంతా మోగాక తెలిసింది.

ఆనాడే వ్రతం పట్టాను. ఎవరినైనా పరిచయం చేయమంటే పేరు చెప్పి దిగిపోతాను. పేరు మరీ పొడుగైతే ఇంటిపేరు సభికుల ఊహకే వదిలేస్తాను. ఈ వ్రతం తప్పితే, వచ్చే జన్మలో నాకే సన్మానం జరిగి, నాలాంటివాడి పరిచయ వాక్యాలు శాలువా కప్పుకుని చివరిదాకా విందును గాక.