చెవిలో చెప్పిన మాట

ఓర్వకల్లు పక్క పల్లెలో సుబ్బయ్య ఎవరని అడిగితే ఆరెకరాల మెట్ట ఉన్న రైతని ఎవరూ చెప్పరు, దేవరలో రుచి చూసే సుబ్బయ్య అంటారు. ఆ మెట్టలో పండేది అంతంతమాత్రం కాబట్టి ఈ పేరు నిలబడడమే నయం. ఊరి దేవరలో, అంటే అమ్మవారి జాతరలో, పొట్టేళ్ళ కూర గుండిగల్లో ఉడుకుతుంటే, సుబ్బయ్య వచ్చి అరచేతిలో రెండు చుక్కలు వేయించుకుని నాకి చూసేదాకా ఒక్క విస్తరి కూడా పరవరు. వాళ్ళ నాయన చేసిన పనే అది. ఆయన పోయాక ఇతని మీద పడింది. జీతం లేదు, భత్యం లేదు, ఒక్క కట్టుబాటు మాత్రం ఉంది. లోపం కనబడితే పదిమందిలో అనకూడదు, వంటవాడి చెవిలో చెప్పాలి. చింతపండు పిసికి పోస్తాడో, ఎండుకొబ్బరి నూరి వేస్తాడో, వాడే సరిచేసుకుంటాడు. వాడి పరువు నిలుస్తుంది, ఊరు కడుపునిండా తింటుంది. లోపం తెలిసీ నోరు మూసుకుంటే మాత్రం ఊరందరికీ చెడ్డకూడు పెట్టిన పాపం రుచి చూసినవాడిదే. ముప్పయ్యేళ్ళుగా సుబ్బయ్య ఆ పాపం అంటకుండా బతుకుతున్నాడు.

రెండువేల ఎనిమిది చలికాలంలో అతని మేనల్లుడు భూపేష్ కడప నుంచి బస్సు దిగాడు. అక్కడొక లాడ్జిలో మేనేజరు అతను. గండికోట చూడ్డానికి వచ్చేవాళ్ళకు సరైన తిండి దొరకడం లేదని లాడ్జీల యజమానులు కొందరు కలిసి ఒక పోటీ పెడుతున్నారు. నిప్పుల మీద మాంసం కాల్చే పోటీ. గెలిచినవాళ్ళకు కోట దగ్గర మూడేళ్ళపాటు అంగడి నడుపుకునే తావు ఇస్తారు. పరాయి దేశాల్లో ఇట్లాంటి పోటీలకు తీర్పు చెప్పేవాళ్ళకు చదువూ, పరీక్షా, సర్టిఫికెట్టూ ఉంటాయని ఎవరో చెప్పారు. మనమూ అట్లాగే చెయ్యాలని వీళ్ళకు బుద్ధి పుట్టింది.

"మామా, తీర్పు చెప్పేదానికి నువ్వు రా. రెండు దినాలు క్లాసులో కూచుంటే సాలు. నీకు రాని పనా ఏమన్నా?" అన్నాడు భూపేష్.

"తినేదానికి సర్టిఫికెట్ ఏందిరా? ఎవురన్నా ఇంటే నగుతారు," అన్నాడు సుబ్బయ్య.

లోపలినుంచి భార్య తిరుపతమ్మ అందుకుంది. "పోయి రాపో. ముప్పై ఏండ్ల నుంచి తింటానే ఉండావు, ఒక కాగితమన్నా ఇంటికి రానీ."

గిడ్డమ్మ సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఈ కథలో పోయేదేదో ఆమెది కాబట్టి. జమ్మలమడుగు బస్టాండు పక్కన తోపుడుబండి మీద కోడీ, పొట్టేలు మాంసమూ కాల్చి అమ్ముకునే మనిషి. రోడ్డు వెడల్పు చేస్తున్నామని రెండేళ్ళలో నాలుగుసార్లు ఆమె బండి లేపించారు. లేపించిన ప్రతిసారీ అలవాటుపడ్డ గిరాకీ పోయేది, కొత్తచోట మళ్ళీ మొదట్నుంచీ మొదలు. మూడేళ్ళపాటు ఎవరూ లెమ్మనని చోటు దొరుకుతుందని వినగానే మొట్టమొదట పేరు రాయించుకుంది ఆమే. సుబ్బయ్యకు అప్పటికి ఆమె ఎవరో తెలియదు.

కడపలో ఒక ఫంక్షన్ హాల్లో క్లాసు పెట్టారు. పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి రాఘవేంద్రప్రసాద్ అని, హోటల్ వంట నేర్పే మాస్టారు వచ్చాడు. మంచివాడే కానీ నవ్వడం మరిచిపోయి పుట్టాడేమో అనిపిస్తుంది. మాంసం నంబరు వేసిన పెట్టెల్లో వస్తుందనీ, ఎవరు వండిందో తెలియదనీ చెప్పాడు. చూపుకు ఒక మార్కు, మెత్తదనానికి ఒకటి, రుచికి ఒకటి. తొమ్మిదంటే అద్భుతం, రెండంటే నోట పెట్టలేనిది. ఎముక మీది మాంసం కొరికినంత మేరే ఊడి రావాలి, మొత్తం జారిపోతే ఎక్కువ మగ్గినట్టు. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉప్పులేని బిస్కెట్టు నమిలి నీళ్ళు తాగాలి. తింటూ మాట్లాడకూడదు, మొహం చిట్లించకూడదు, ఆహా అనకూడదు.

మొదటిరోజు సుబ్బయ్య అన్ని పెట్టెలకూ అన్నిట్లో తొమ్మిది వేశాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు మాస్టారు కాగితం చేతిలో పట్టుకుని.

"పెట్టినోళ్ళకు తక్కవేస్తే ఎట్ల సార్? తిన్నాం గదా!"

హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "మీరు విందుకు రాలేదు. తీర్పు చెప్పడానికి వచ్చారు," అన్నాడు.

సుబ్బయ్యకు తలకొట్టేసినట్టయింది. తినడంలో అతన్ని ఒకరు తప్పు పట్టడం అదే మొదలు. ఒక్క కొరుకు కొరికి మిగిలిన ముక్క పక్కన పడేయమంటే ప్రాణం ఉసూరుమనేది. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు ఎన్నో చూసిన మనిషి, ఎంగిలి చేసి పారేయడం ఎట్లా అలవాటవుతుంది? అయినా పట్టుదల మనిషి. రెండోరోజు పిడచకట్టిన కోడిముక్క ఒకటి వస్తే గుండె దిటవు చేసుకుని నాలుగు వేశాడు. వేసి, ఎవరూ చూడకుండా బల్ల కింద ఆ పెట్టెకు దండం పెట్టుకున్నాడు. పరీక్షలో అతను వేసిన మార్కులు మాస్టారు మార్కులకు దగ్గరగా వచ్చినంతగా ఇంకెవరివీ రాలేదు.

నియమాలు పన్నెండు. అన్నీ కంఠతా రావాలి. వాటిలో ఏడోది, పోటీ ముగిసేదాకా తీర్పరి వంట చేసేవాళ్ళతో వంట గురించి మాట్లాడకూడదని. సుబ్బయ్య అన్నీ గడగడా అప్పజెప్పాడు. ఏడో నియమం మార్కులు అమ్ముకునేవాళ్ళ కోసం పెట్టిందని అతను అనుకున్నాడు. తను అమ్ముకునే రకం కాదు. కాబట్టి ఆ నియమానికీ తనకూ పనిలేదని ఊరుకున్నాడు. అక్కడే పొరపాటు పడ్డాడు. చెయ్యెత్తి ప్రమాణం చేశారు, ఫోటో ఉన్న బిళ్ళ మెడలో వేశారు. సర్టిఫికెట్ ఇంటికి తెస్తే తిరుపతమ్మ అద్దం కట్టించి క్యాలెండరు పక్కన తగిలించింది.

పోటీనాడు గండికోటలో షామియానాల కింద పన్నెండు పొయ్యిలు పెట్టారు. తీర్పరులకు వేరే డేరా. ముందు కోడి, ఒక గంట విరామం, తర్వాత పొట్టేలు. రెండు మార్కులూ కలిపి ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళదే అంగడి.

కోడి వంతులో నాలుగో నంబరు పెట్టె తెరిచేసరికి సుబ్బయ్యకు నోరూరింది. కొరికాడు. మెత్తదనం సరిగ్గా ఉంది, కారం, అల్లం, ధనియాలు ఎక్కడివక్కడ అమరాయి. అంతా మింగాక మాత్రం నాలుక వెనక సన్నటి చేదు తగిలింది. పచ్చికట్టె పొగ. వంట తెలిసిన చెయ్యే, నిప్పు మోసం చేసింది. చూపుకు ఎనిమిది, మెత్తదనానికి తొమ్మిది, రుచికి ఆరు వేశాడు. బిస్కెట్టు నమిలాడు, నీళ్ళు తాగాడు, మిగతా పెట్టెలన్నీ చూశాడు. మనసు నాలుగో నంబరు దగ్గరే ఆగిపోయింది. ఇంకాసేపట్లో పొట్టేలు మాంసం ఆ నిప్పుల మీదికే ఎక్కుతుంది. తనకు తెలుసు, వండేవాళ్ళకు తెలియదు. తెలిసీ నోరు మూసుకుని కూచోవడమా?

విరామంలో ఒంటికని బయటికి వెళ్ళినవాడు పొయ్యిల వరసవైపు తిరిగాడు. పదకొండు పొయ్యిలు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఒక్కదాన్నుంచి తెల్లటి పొగ దట్టంగా లేస్తోంది. దాని ముందు నలభై ఏళ్ళ ఆడమనిషి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ విసురుతోంది. సుబ్బయ్య పక్కకు వెళ్ళి వంగి, దేవరలో చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఆ తుమ్మమొద్దు పచ్చిది. బయటికి లాగెయ్. నిప్పులకు తెల్లగా బూడిద పట్టినాంక పెట్టు మాంసం. పొగకు చేదు పడతాండాది."

గిడ్డమ్మ తలెత్తి చూసింది. "అట్లనా పెద్దాయనా? బండికాడ మాకు బొగ్గులే, ఈడ కట్టెలిచ్చినారు. సల్లగుండు నాయనా," అని మొద్దు బయటికి లాగి మన్ను కప్పింది.

వంగినప్పుడు సుబ్బయ్య మెడలో బిళ్ళ బయటికి వేలాడింది. పక్క పొయ్యి దగ్గరున్న ప్రొద్దుటూరు కంబన్న దాన్ని చూశాడు. సుబ్బయ్య డేరాకు తిరిగొచ్చేలోపే ఫిర్యాదు వచ్చేసింది.

రాఘవేంద్రప్రసాద్ పిలిపించి అడిగాడు. "మాట్లాడారా?"

"మాట్లాడినా సార్," అన్నాడు సుబ్బయ్య. అబద్ధమాడాలని తోచనే లేదు. చెప్పిందంతా చెప్పాడు. మంచిపనే చేశానన్న ధైర్యం గొంతులో ఇంకా ఉంది.

"ఏడో నియమం చెప్పండి."

సుబ్బయ్య కడపలో అప్పజెప్పినట్టే అప్పజెప్పాడు. "పోటీ ముగిసేదాకా తీర్పరి వంట చేసేవాళ్ళతో వంట గురించి మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ వంట పోటీలో ఉండదు." రెండో మాట నోట్లోంచి బయటికొచ్చాక అతని చెవికి మొదటిసారి సరిగా వినిపించింది. ఉండదన్నది ఆమె వంట. తన బిళ్ళ కాదు, ఆమె వంట.

"సార్, తప్పు నాది. ఈ బిళ్ళ తీసేసుకోండి, నా మార్కులు కొట్టేయండి. ఆయమ్మకేం తెల్దు. ఆయమ్మను ఉండనీండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

మాస్టారు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అతని మొహంలోనూ బాధ కనిపించింది. జవాబు కంబన్న చెప్పాడు.

"నువ్వు చెడ్డమాట చెప్పినావని నేననడం లేదు పెద్దాయనా. మంచిమాటే. ఆ మంచిమాట నాకెందుకు చెప్పల్యా? నా కోళ్ళో ఏం తప్పుండాదో నాకూ తెలియాల గదా! పన్నెండు పొయ్యిలుంటే ఒక్క పొయ్యికే చెప్తివే. నేనూ ఆ తావు కోసమే వచ్చినా."

దేవరలో ఎన్ని గుండిగలున్నా అన్నీ ఊరివే. ఒకటి బాగుచేస్తే నష్టపోయేవాడు ఉండడు. ఇక్కడ ఒక పొయ్యికి చేసిన మేలు పదకొండు పొయ్యిలకు కీడు. అరవై ఏళ్ళు నెత్తిమీదికి వస్తున్నా ఈ చిన్న లెక్క సుబ్బయ్యకు తట్టలేదు. కడపలో రెండు రోజులు కూచోబెట్టి చెబితే తలకెక్కలేదు. కంబన్న మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, అతను అడిగింది న్యాయమే.

గిడ్డమ్మకు భూపేష్ వెళ్ళి చెప్పాడు. సుబ్బయ్య వెళ్ళేసరికి ఆమె పొయ్యి దగ్గరే ఉంది. ఆమె తిడుతుందని, మన్నెత్తి పోస్తుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె కాల్చిన పొట్టేలు ముక్కలు నాలుగు ప్లేటులో పెట్టి అతని చేతికిచ్చింది.

"నువ్వు చెప్పినట్లే చేసినా. తిని చెప్పు, ఎట్లుండాది?"

సుబ్బయ్య తిన్నాడు. చేదు పోయింది. మాంసం పంటికి తగిలినంత మేరే ఊడివచ్చింది. తొమ్మిదికి పైన అంకె ఉంటే అది వేయాల్సిన ముక్క. బాగుందంటే ఆమె కడుపు రగులుతుంది, బాగాలేదంటే నాలుక పడిపోతుంది.

"పొద్దుట్నుంచి పన్నెండు పెట్టెలు తిన్నామ్మా," అన్నాడు. "ఇట్లాంటిది తినల్యా."

"అయితే ఆ తావు నాకే వచ్చుండును," అంది గిడ్డమ్మ.

కళ్ళనీళ్ళు ప్లేటులో పడుతుంటే సుబ్బయ్య అట్లాగే నిలబడ్డాడు. ఆమె గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టింది, కారం డబ్బా మూత బిగించింది, మాంసం కాల్చే ఇనుప జల్లెడ ఎత్తి, పక్కన నిలిపిన తన తోపుడుబండి మీదికి వెయ్యబోయింది. అది బరువుగా ఉందని చూసి సుబ్బయ్య ప్లేటు కింద పెట్టి గబగబా ఒక పక్క పట్టుకోబోయాడు.

"వద్దు పెద్దాయనా," అంది ఆమె, గొంతు పెంచకుండానే. "నువ్వు నాకు ఇంకే సాయమూ చెయ్యాకు."

సుబ్బయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఒక్కతే జల్లెడను బండి మీదికి ఎక్కించుకుని, తాడు బిగించి, జమ్మలమడుగు దారి పట్టింది.