అందరికీ అందేదాకా

నా భార్య అంత్యక్రియల పూజ ఆమె క్యాథలిక్ గుడిలో జరిగింది. ఏటి అవతల సర్కండా పేట నుంచి వచ్చిన ఆమె బంధువులు ముందు బల్లల మీద కూర్చున్నారు, వారి వెనక అమ్మా నేనూ. మేము ఈ హిందీ ఊళ్లో రైల్వే కాలనీ తెలుగు బాప్టిస్టులం. నేను పేరుకు మాత్రమే. బొగ్గు నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసే నాకు, పూజలో రొట్టె క్రీస్తు దేహంగా మారుతుందన్నది రుజువు లేని మాట. ఆ ఉదయం దాన్ని కాదనే ఓపిక కూడా లేదు. దుఃఖం వస్తుందేమోనని గమనించుకున్నాను. రాలేదు.

క్యాథలిక్కులు కానివారికి సత్ప్రసాదం, అంటే ఆ రొట్టె, లేదనీ, చేతులు కట్టుకుని వస్తే ఆశీర్వదిస్తాననీ ఫాదర్ ముందే హిందీలో చెప్పారు. నేను లేవలేదు. అమ్మకు చెవులు సరిగా వినపడవు. ఆమె వరుసలో నిలబడి, చేయి చాపి, పల్చటి తెల్లని అప్పాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చి కూర్చుంది.

తినలేదు. మా గుడిలో రొట్టె ముక్కల పళ్లెం చేతులు మారుతూ బల్లల వెంట తిరుగుతుంది. చివరి మనిషికీ అందాక అందరూ కలిసి తింటారు.

గుడి పెద్ద ఒకాయన వచ్చి వంగి, "మాతాజీ, యహీఁ ఖా లీజియే," అని అక్కడే తినేయమన్నాడు.

"రుకో బాబూ. అందరికీ అందనీ." అప్పుడు అమ్మ నా ఖాళీ చేతులు చూసింది. "నీకియ్యనేదేటి?"

"మనకివ్వరమ్మా. నీకు తెలియక ఇచ్చారు."

"అచ్ఛా." అరచేతిలోకి చూసుకుంది. "ఆ పిల్లకి మనం ఇచ్చేమేటి?"

ఇవ్వలేదు. నా భార్యకు పసితనంలో నెత్తిన నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. మా పద్ధతిలో పెద్దయ్యాక నీళ్లలో మునగలేదు గనుక మా గుడి రొట్టెలో ఆమెకు భాగం లేదు. ఆమె మా ఇద్దరి మధ్య కూర్చునేది. ఆ పళ్లాన్ని అమ్మ ఆమె ఒడి మీదుగానే నాకు అందించేది. నా భార్య ఎదురుగా చూస్తూ ఉండేది.

అమ్మ మళ్లీ లేచి వెళ్లి అప్పాన్ని ఫాదర్‌కు తిరిగి ఇచ్చింది. ఆయన దాన్ని తానే తిన్నారు. తిరిగి వచ్చిన అమ్మ నాకు కొంచెం ఎడంగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూడసాగింది. మా మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. కావాలనే వదిలిందా, అలవాటు కొద్దీనా అని నేను అడగలేదు.