రెప్ప కింద కక్ష

నా చిన్నప్పుడు ఒక వేసవంతా గౌను జేబులో కారం పొట్లం పెట్టుకుని తిరిగాను. పక్కింటి బావ కళ్లలో కొట్టడానికి. మాది నాగాయలంక. అంతకుముందు ఏడాది ఎండల్లో, ఆటలో ఓడిపోయిన ఉక్రోషంతో ఆ బావ నా కళ్లలో గుప్పెడు ఇసుక కొట్టాడు. అప్పటినుంచీ నా కళ్లు బాగుపడలేదు. ఎర్రబడి, పుసికట్టి, ఒకటే దురద. చలికాలంలో కాస్త తగ్గినట్టే తగ్గి, ఎండలు ముదరగానే మళ్లీ మొదలైంది. కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడేసరికి అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, పళ్లు కొరుక్కున్నాను. నా ఒక్క కన్ను పోతే వాడి రెండు కళ్లూ పోవాలనుకున్నాను. వాడిని తలుచుకున్నప్పుడల్లా కళ్లు ఇంకా గట్టిగా నలుపుకునేదాన్ని.

మా మేనత్త బందరులో కళ్ల డాక్టరు. నాన్న ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు. పరీక్ష చేస్తుంటే జేబులోంచి పొట్లం జారిపడింది. అడిగితే ఉన్నదంతా చెప్పేశాను. అత్తయ్య తిట్టలేదు. నా కుడికంటి పై రెప్పను మెల్లగా తిరగేసి, చేతికి అద్దమిచ్చింది. ఎడమకంటితో చూశాను. రెప్ప లోపలంతా కాకరకాయ మీద ఉన్నట్టు బుడిపెలు, ఎర్రగా.

"ఆ ఇసుక ఆ రోజే కడిగేశారు కదే. నీ కంటికి దుమ్మూ పుప్పొడీ పడవు. కాస్త తగిలితే చాలు, శత్రువెవరో వచ్చినట్టు రెచ్చిపోతుంది. ఆ వాచిన రెప్పే ఆర్పినప్పుడల్లా నల్లగుడ్డును గీకేస్తోంది. నువ్వు నలిపి దానికి సాయం చేస్తున్నావు."

కంటిని కాపాడాల్సిన రెప్పే దాన్ని తినేస్తోందంటే అద్దం బోర్లించేశాను. అయినా కక్ష చావలేదు. మరి బావ సంగతేంటని అడిగాను.

"కన్ను బాగయ్యాక కొట్టుకో. గురి కుదరాలి కదా. అందాకా మాత్రం చెయ్యి కంటికి తగలకూడదు," అంది, నవ్వకుండా.

పగ తీర్చుకోవడం కోసమే చేతులు కట్టుకుని కూర్చున్నాను, చుక్కలు వేయించుకున్నాను. కన్ను తేరుకునేసరికి వానలొచ్చి, పొట్లంలో కారం ముద్దకట్టింది.

ఈ మధ్య ఆ బావకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంట్లో ఎవరూ లేరని, చుక్కల మందు నన్ను వేయమన్నాడు. తల వెనక్కి వాల్చి, కళ్లు తెరిచి నా ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్లకు దొరికాడనిపించింది. నా మచ్చ ఇంకా ఉంది, ఆ కంటికి దీపం మసగ్గానే కనిపిస్తుంది. ఇసుక తప్పు కాదని తెలిసినా, కొట్టినవాడి మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. కాకపోతే అది లేచినప్పుడల్లా అద్దంలోని ఆ బుడిపెలు గుర్తొస్తాయి, చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ఒక్క చుక్క వేసి, సీసా మూత పెట్టాను.

"నలపకు బావా," అన్నాను.