కాళ్ల చిప్పు, కట్టె దెబ్బ

మొన్న మా ఆఫీసులో ఒక కొత్త యంత్రానికి ఏ మైక్రోకంట్రోలర్ చిప్పు వాడాలా అని మీటింగు జరిగింది. చల్లటి గది, బిస్కెట్లు. ధర, సైజు, బోర్డుకు అతికించే ఖర్చు అంటూ ఒకరి మాటకొకరు తలలాడించారు. ఒక్క తలా పగల్లేదు. చిప్పును ఇలా కూడా ఎంచుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో ఆ పని రక్తం కారేట్టు చేస్తారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు, మా మామ, మా చిన్నాయన కలిసి హాలియాలో ఒక షట్టర్ గది కిరాయికి తీసుకుని, ఫోన్ కొడితే బోరు మోటారు నడిచే డబ్బాలు చేయబోయారు. డబ్బాకు మెదడు ఒక చిప్పు. అది రెండు రూపాల్లో దొరికేది. ఒకటి జెర్రిలా రెండు పక్కలా కాళ్లున్న పెద్దది. సాకెట్లో గుచ్చితే చాలు, కాలిపోతే పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. రెండోది చిటికెన వేలి గోరంత. చవక, కానీ బోర్డుకు అతుక్కుపోతుంది, అది పోతే బోర్డూ పోయినట్టే. మామది కాళ్ల చిప్పు పార్టీ, చిన్నాయనది గోరు చిప్పు పార్టీ. బోర్డులు ఒక్కసారి చేయించడానికే పైసలున్నాయి కాబట్టి ఏదో ఒకటి తేలాలి.

"సాకెట్‌కు వేరే ఖర్చు, పెద్ద బోర్డుకు వేరే ఖర్చు. నీ చిప్పు కాళ్లకు చెప్పులు గూడ కొనిస్తవా బావా?" అన్నాడు చిన్నాయన.

"నీది కాలితే రైతు బోర్డంతా పారేసుకోవాల్నా? గప్పుడు బోర్డుతోటి నిన్ను గూడ పారేస్తరు," అన్నాడు మామ.

చిన్నాయన మీటరు విసిరాడు. మామ కాలర్ పట్టాడు. విడదీయడానికి దూరిన నా మోచేతికి వేడి సోల్డరింగ్ కడ్డీ అంటుకుంది. ఇద్దరూ టక్కున ఆగి, కడ్డీకి ఏమైనా అయిందా అని చూశారు.

మామ సొంత అక్క, మా పెద్దమ్మ, కాలువ నీళ్లు ఎక్కని మెరక మీద కొత్తగా బత్తాయి తోట పెట్టింది. ఇద్దరూ చేత్తో ఒక్కో నమూనా డబ్బా చేశారు. ముందు చూద్దామని మామ చేసిన కాళ్ల చిప్పు డబ్బాను ఆమె మోటారుకే బిగించాం. తమ్ముడి మీద నమ్మకంతో ఆమె మోటారును లేపే పాత స్టార్టరును ఇనుప సామాన్ల బండికి వేసేసింది. నడి ఎండాకాలం, లేత మొక్కలు, ఒక్క తడి తప్పినా తలలు వాల్చేస్తున్నాయి. డబ్బా కొన్నాళ్లు నడిచి ఆగింది. మామ వెళ్లి చూస్తే చిప్పు సాకెట్లోంచి పైకి లేచి ఉంది. నొక్కాడు, నడిచింది. మళ్లీ లేచింది. కాళ్లున్నాయి కదా, ఇంటికి పోదామనుకుంటోందేమో అన్నాను. నా చెంప పగిలింది.

చివరికి పెద్దమ్మే డబ్బాను చంకన పెట్టుకుని, చేతిలో కట్టెతో షట్టర్లోకి వచ్చింది.

"మొక్కలు వరుగులైతున్నయి తమ్మీ. నువ్వు నడిపిస్తవా, నన్ను నడిపియ్యమంటవా?" అంటూ డబ్బాను బల్ల మీద పడేసి, కట్టెతో ఫెళ్లున కొట్టింది.

మామ డబ్బా తెరిచి, దెబ్బకు పైకి లేచిన చిప్పును చూశాడు. "రోజూ గిట్లనే కొడ్తవా అక్కా?"

"కొట్టకుంటే ఎట్ల నడుస్తది? స్టార్టరు ఎన్నడన్న కొట్టకుండ నడిచిందారా?"

నిజమే. మా దిక్కు ఇరుక్కున్న స్టార్టరును కట్టెతో రెండు వేసి లేపడం అందరికీ అలవాటు. చిప్పు ధర, సాకెట్ ధర, బోర్డు సైజు అన్నీ లెక్కేసిన మా ఇద్దరు పెద్దమనుషులు కట్టెను మాత్రం లెక్కలో వేయలేదు.

చిన్నాయన సంబరంగా తన గోరు చిప్పు డబ్బాను ముందుకు తోశాడు. "దీన్ని కొట్టు వదినా." ఆమె మనసారా కొట్టింది. డబ్బా సొట్టపోయింది కానీ లైటు వెలుగుతూనే ఉంది. మామ పళ్లు కొరుకుతూ, "మన ఊర్ల కరెంటు గిట్ల గూడ వస్తది," అని ఒక ఫేజు ఇవ్వాల్సిన చోట రెండు ఫేజులు తగిలించాడు. టప్పుమని పొగ. చిప్పూ బోర్డూ కలిసి పోయాయి. మామ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. పెద్దమ్మ కట్టె ఈసారి అతని నుదుటి మీద దిగింది.

దవాఖానలో కుట్లు వేస్తుంటే మామ చెయ్యి పట్టుకున్నది చిన్నాయనే. "కాళ్ల చిప్పే పెడదాం బావా. సాకెట్ తీసేసి నేరుగ టంకం పెడదాం. కొట్టినా లేవది. కాలితే టీవీ మెకానిక్ గూడ ఊడదీసి మారుస్తడు."

"సాకెట్ ఖర్చు గూడ మిగులుతది," అన్నాడు మామ, సూది దిగుతుండగానే. నోరు మూసుకోకపోతే పెదాలకూ కుట్లేస్తానన్నాడు డాక్టరు.

అంతా బాగానే తేలింది, మోటారు తప్ప. కట్టె దెబ్బలకు మామ డబ్బాలో బోర్డు కూడా చీలింది, కొత్త బోర్డులు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా మోటారు ఆగే ఉంది. ఆ ఎండల్లో అరువివ్వడానికి ఎవరి దగ్గరా మిగులు స్టార్టరు లేదు. నుదుటికి కట్టుతో మామ, చిన్నాయన, నేను బిందెలతో నీళ్లు మోశాం. కింది వరసలు దక్కాయి. అన్నిటికంటే ఎత్తున ఉన్న వరస మొత్తం పోయింది. ఎండిన మొక్కలను పెద్దమ్మ ఒక్క తిట్టూ తిట్టకుండా పీకుతుంటే, కట్టె పట్టుకున్నప్పటికంటే ఎక్కువ భయమేసింది.

వానలకు ఆమె ఆ ఖాళీలో కొత్తవి నాటింది. ఇప్పుడు తోటంతా కాస్తోంది. ఆ వరస మాత్రం పక్క చెట్ల భుజాల దాకే వచ్చింది. మాకు కొన్నాళ్ల పంతమనిపించిన కాలం, చెట్ల లెక్కలో ఆ ఎత్తు తేడా.